మా పెద్దమ్మ అడగని ప్రశ్న

నా చేతులకు ఇంకా సున్నం వాసన పోలేదు. సబ్బు పెట్టి కడిగాను, కొబ్బరినూనె రాశాను, అయినా గోళ్ల సందుల్లో తెల్లగా మిగిలే ఉంది. దేవుడు లేడని జీవితమంతా రాసినవాడివి, ఈస్టరు తెల్లవారుజామున క్రైస్తవుల సమాధుల తోట దగ్గర సున్నం బొక్కెన పట్టుకుని ఏం చేస్తున్నావని మొన్న ఒక పాత మిత్రుడు ఫోన్ చేసి అడిగాడు. ఎవరో తీసిన ఫోటో ఆయన దాకా పోయిందట. అడగడంలో వెటకారం కంటే బాధే ఎక్కువగా ఉంది. ఆయనకు ఫోనులో జవాబు చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను.

మా పెద్దమ్మ పోయింది. మా అమ్మకు అక్క, పేరు మార్తమ్మ. ఆదోనికీ ఎమ్మిగనూరుకూ మధ్య, పెద్ద రోడ్డు దిగి లోపలికి పోతే వచ్చే మా పల్లెలో ఆమె బైబిల్ స్త్రీ. ఈ మాట ఇప్పటి పిల్లలకు తెలియదు. అక్షరం వచ్చిన ఆడవాళ్లకు ఒకప్పుడు మిషను వాళ్లు అప్పజెప్పిన పని అది. ఇల్లిల్లూ తిరిగి, కలుపు తీసేవాళ్ల దగ్గర గట్టు మీద కూర్చుని, కాన్పయిన తల్లి మంచం పక్కన కూర్చుని బైబిల్ కథలు చెప్పాలి. కథ చెప్పినంత మాత్రాన కడుపు నిండదు కాబట్టి, చెప్పడం అయ్యాక కొంగు బిగించి ఆమె కూడా కలుపులో దిగేది. మా అమ్మ ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసేది. మిల్లు దుమ్ముకు నాకు దగ్గు పట్టుకుందని పెద్దమ్మ దగ్గర వదిలింది. అట్లా నా చిన్నతనమంతా ఆ మట్టిమిద్దెలో గడిచింది.

ఆ ఇంట్లో పొద్దు జొన్నరొట్టె చప్పుడుతో మొదలయ్యేది. కొయ్యపీట మీద పెద్దమ్మ అరచేయి పడే చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. పొయ్యిలోకి పత్తికట్టె. అది గబగబా మండి గబగబా ఆరిపోతుంది కాబట్టి ఎవరో ఒకరు ఎగదోస్తూ ఉండాలి, ఆ ఎవరో ఒకరు నేను. పొగ, మాడిన రొట్టె అంచు, వెల్లుల్లి వేసి దంచిన ఎర్ర కారం, ఇవన్నీ కలిసిన వాసన ఒకటి ఉండేది. ఎమ్మిగనూరు నేతతువ్వాలులో చుట్టిన బైబిలు గోడ గూట్లో, పురుగు పట్టకుండా వేపాకు మధ్య ఉండేది. పెద్దమ్మ దాన్ని విప్పేటప్పుడు ఎండిన వేపాకు రాలి ఒళ్లో పడేది. ఇప్పటికీ నాకు బైబిలంటే చేదువాసన వేసే పుస్తకం. మా నాస్తిక సంఘం మిత్రులు ఈ మాట విని నవ్వి, తమకు అనుకూలంగా అర్థం చేసుకుంటారు. నేను దిద్దను.

పెద్దమ్మకు ఒక జబ్బు ఉండేది. ఆమె ఎదుట ఎవరైనా "బైబిల్లో ఉంది" అన్నారంటే చాలు, చేతిలో పని ఆపి, "యాడుందప్పా? సూపించు" అనేది. పాస్టరైనా సరే, పక్క ఊరి నుంచి వచ్చిన పెద్దమనిషైనా సరే. గొంతు పెంచేది కాదు. తువ్వాలు విప్పి పుస్తకం వాళ్ల ఒళ్లో పెట్టేది, అంతే. దీనివల్ల ఆమెను పిలిచేవాళ్లు తగ్గారు గాని, ఆమె మాత్రం మారలేదు. కొంచెం గర్వం కూడా ఉండేది ఆ విషయంలో. ఎదుటివాడు పేజీలు తిప్పుతూ వెతుక్కుంటూ ఉంటే ఆమె పెదవి చివర ఒక నవ్వు కదిలేది, దాన్ని కొంగుతో కప్పుకునేది.

ఒకసారి శనక్కాయ చేలో కలుపు తీస్తున్నారు. ఆ వరసలో ఈరమ్మ అని ఒక ఆమె, మా గేరి, అంటే మా వాడ, కాదు, ఊళ్లో మనిషి, ఎకసెక్కాల మనిషి. ఎండ మండిపోతూ ఉంటే నడుం పట్టుకుని లేచి, "మీ అవ్వ ఎవరో ఆపిల్ పండు తినిందంట, దానికి మేమంతా ఈ ఎండలో సావాల్నా మార్తక్కా?" అంది. అందరూ నవ్వారు.

"ఆపిల్ అని యాడుంది?" అంది పెద్దమ్మ, కలుపు మీంచి తలెత్తకుండా. "పండు అనుంది. ఏం పండో రాయలే. నువ్వు ఆదోని బజార్లో బండి మీద ఆపిల్ సూసినావు గాని, ఆయమ్మ సూసిందని ఎవరు సెప్పినారు నీకు?"

"అట్లయితే సీతాపలమేమో. అదైతే నేను గూడా తింటాంటి."

"కావచ్చు. కాని రాయలేదు గదా. రాయనిది మనం సెప్పరాదు."

అదే వరసలో పాము సంగతీ వచ్చింది. పామంటే సైతానే కదా అని ఇంకొకామె అంటే, ఆ కథలో పాము పామే, సైతాను పేరు ఆ చోట లేదు, తర్వాతివాళ్లు కలిపి చెప్పుకున్నారు అని పెద్దమ్మ విడమరిచింది. యోనాను మింగింది తిమింగలం అని పుస్తకం అనలేదు, పెద్ద చేప అంది. నోవహు ఓడలోకి అన్ని జంతువులూ ఒక్కో జత చొప్పునే ఎక్కలేదు, కొన్నిటిని ఏడేసి ఎక్కించాడు. క్రీస్తు అనేది యేసు ఇంటిపేరు కాదు, అభిషేకం పొందినవాడు అనే బిరుదు. సంఘం అంటే సున్నం కొట్టిన గుడి కాదు, కూడిన మనుషులు. మా గేరిలో మగ్దలేనా అని ఒక అమ్మాయి ఉండేది. ఆ పేరు గల మరియ వేశ్య అని ఎవడో అంటే, బావి దగ్గర కుర్రవాళ్లు ఈ పిల్లను పేరు పెట్టి ఏడిపించేవాళ్లు. పెద్దమ్మ ఒక ఆదివారం ఆరాధన మధ్యలో లేచి నిలబడి, మగ్దలేనే మరియకు దయ్యాలు వదిలాయని ఉంది, ఆమె వేశ్య అని ఏ పేజీలోనూ లేదు, ఉందన్నవాడు ఇప్పుడే ఇక్కడికి వచ్చి చూపించాలి అంది. ఎవరూ పోలేదు. ఆ తర్వాత బావి దగ్గర ఆ పిల్ల బిందె నిమ్మళంగా నిండింది.

మా పల్లెలో క్రిస్మస్ అంటే సుగ్గికి ముందు ఆఖరి పండుగ. వానలు మోసం చేసే నేల మాది. పండుగ అయ్యీ కాకముందే గేరి మొత్తం మూటలు కట్టుకుని, పిల్లలనూ కోళ్లనూ వేసుకుని గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోయేది. దాన్నే సుగ్గి అంటాం. అందుకని పండుగ రాత్రి ఆడే యేసు పుట్టుక నాటకంలో ఏ ఏడు ఎంతమంది పిల్లలుంటారో తెలియదు. అన్ని ఊళ్లలో ముగ్గురు జ్ఞానులు వస్తారు. మా ఊళ్లో గుంపు వచ్చేది. ముగ్గురని పుస్తకంలో లేదు, కానుకలే మూడు రకాలు, వచ్చినవాళ్లు ఎంతమందో లెక్క చెప్పలేదు కాబట్టి వేషం కావాలన్న ప్రతి పిల్లవాడూ జ్ఞానే అని పెద్దమ్మ తీర్పు. బెడ్‌షీట్లు చుట్టుకుని, బొరుగుల చేటలు పట్టుకుని ముక్కులు కారుతున్న జ్ఞానులం బిలబిలమని వచ్చేవాళ్లం. అదీ పశువుల పాకలోకి కాదు, ఇంట్లోకి. జ్ఞానులు వచ్చేసరికి ఆ బిడ్డ ఇంట్లో ఉన్నాడని ఉంది కాబట్టి మేం పెద్దమ్మ వాళ్ల మిద్దెలోకే నడిచేవాళ్లం. పక్క ఊళ్లవాళ్లు మమ్మల్ని చూసి నవ్వేవాళ్లు. మాకు మాత్రం మిగతా ఊళ్లన్నీ తప్పు ఆడుతున్నాయని గట్టి నమ్మకం.

ఆ నాటకంలో పుస్తకంలో లేని మనిషి ఒక్కడే ఒక్కడు ఉండేవాడు. సత్రం యజమాని. సత్రంలో చోటు లేదని ఉంది గాని, ఆ మాట చెప్పిన మనిషి అక్కడ లేడు. పెద్దమ్మ ఆ వేషం తీసేస్తానంది. ఒప్పుకోనివాడు ఆమె కొడుకు సామేలు.

సామేలన్న నాకంటే చాలా పెద్దవాడు. ఆదోని పత్తి మార్కెట్లో బోరాలు మోసేవాడు. వీపు మీద పత్తి పింజలు అంటుకుని, మబ్బు మోసుకొచ్చినట్టు ఇంటికి వచ్చేవాడు. నన్ను భుజాల మీద ఎక్కించుకుని ఆదోని స్టేషనుకు తీసుకుపోయి రైలు చూపించినవాడు. గుళ్లో పాడితే వెనక గోడకు ఆనుకున్న వాళ్లకు వీపు అదిరేది. "నేను గెడ్డమొచ్చినోణ్ని, పిల్ల జ్ఞానుల్లో కలవలేను. ఆ సత్రపోణ్ని గూడా తీసేస్తే నేనేం ఏయాలమ్మా?" అన్నాడు. ఇంత పట్టుదల గల మా పెద్దమ్మ కొడుకు ముందు ఓడిపోయింది. ఆమె రాయనిది చెప్పనిచ్చింది, నాకు తెలిసి, ఆ ఒక్క చోటే.

అతనికి ఉన్నది ఒకే మాట. తలుపు తీసి, "లోపల జాగా లేదు, పోండి" అనాలి. ఒక ఏడు మరియ వేషం వేసింది అతని చెల్లెలు సలోమి, చిన్నపిల్ల. కడుపుకు కట్టిన తలగడ జారిపోతూ ఉంటే రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. సామేలన్న తలుపు తీసి దాని ముఖం చూశాడు. "లోపల జాగా లేదు," అన్నాడు. ఇంకోసారి చూశాడు. "సరే రాండి. నేను బయట పండుకుంటా," అని పక్కకు జరిగాడు. నాటకం అక్కడికి ఆగిపోయింది. యోసేపుకు ఏం చేయాలో తెలియలేదు. గొర్రెల కాపరులు నవ్వలేక కింద కూర్చున్నారు. పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, పుస్తకం ఒళ్లో పెట్టుకుని, కళ్లనీళ్లు వచ్చేట్టు నవ్వింది.

నేను పెరిగి ఆదోనిలో కాలేజీకి పోయాను. సాయంత్రాలు వాదాలు చేసే ఒక చిన్న గుంపులో పడ్డాను. ఏ మాటకైనా ఆధారం అడగాలి, ఎంత పెద్దవాడు చెప్పినా అడగాలి అని అక్కడ పెద్దలు నేర్పేవాళ్లు. తోటివాళ్లకు అది కొత్తగా ఉండేది. నాకు మాత్రం జొన్నరొట్టె వాసన వచ్చేది. మా గుంపు ఒక పత్రిక వేసేది. ఒక సంచిక అట్ట మీద హవ్వ చేతిలో ఎర్రటి ఆపిల్ బొమ్మ వేశారు, మత గ్రంథాల బండారం బయటపెట్టే సంచిక అది. పెద్దమ్మకు చూపిస్తే బొమ్మ మీద వేలు పెట్టి, "మీరు గూడా సదవకుండానే తిడతాండారే," అంది. తిట్టేవాడు పొగిడేవాడి కంటే ఎక్కువ చదివి ఉండాలని నేను నేర్చుకున్నది ఆ వేలు దగ్గరే.

ఇక రాయవలసింది రాస్తాను. వానాకాలంలో ఒకరోజు పొద్దున చేనికి పోయిన సామేలన్నను సాయంత్రం బావిలోంచి తీశారు. బావి ఒడ్డు బురదగా ఉంది. చూసినవాడు లేడు. దూకాడని కొందరు, జారాడని కొందరు అన్నారు. దూకాడన్నవాళ్లు ఎందుకో కూడా చెప్పారు, ఒక్కొక్కరు ఒక్కో కారణం. వాటిలో ఒక్కటి కూడా నేను ఇక్కడ రాయను. ఆ రాత్రి గడిచి తెల్లారేసరికి దూకాడన్నదే ఊరి మాట అయింది. ఎట్లా అయిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఎక్కువమంది చెప్పుకున్న మాట నిజమైపోతుంది, అంతే.

మా సమాధుల తోట చుట్టూ నాపరాళ్ల గోడ ఉంది. గేరివాళ్లే రాళ్లు మోసి కట్టుకున్నారు. ఊరి శ్మశానంలో మమ్మల్ని పెట్టనివ్వని రోజుల్లో, మాకూ ఒక చోటు ఉందని చెప్పుకోవడానికి కట్టుకున్న గోడ అది. సంఘపెద్ద జక్కరయ్య వాకిట్లోకి వచ్చి అందరూ వినేట్టు చెప్పాడు. "దూకి సచ్చినోనికి గోడ లోపల జాగా లేదు. బైబిల్లో ఉంది."

అందరం పెద్దమ్మ వైపు చూశాం. గేరి మొత్తం చూసింది. జక్కరయ్య కూడా చూశాడు, ఆ ప్రశ్న వస్తుందని తెలిసినట్టే, దానికి సిద్ధపడి వచ్చినట్టే. పెద్దమ్మ తలెత్తలేదు. కొడుకు కాళ్ల దగ్గర కూర్చుని, తడిగుడ్డతో వేళ్ల సందుల్లో మట్టి తుడుస్తూ ఉంది. ఒక వేలు అయ్యాక ఇంకో వేలు.

ఆమె అడగలేదు కాబట్టి నేను అడిగాను. యాడుందో చూపించమన్నాను. యూదా ఇస్కరియోతు సంగతి చదవలేదా అన్నాడు జక్కరయ్య. యూదా ఉరిపోసుకున్నాడని ఉంది గాని, అట్లాంటివాణ్ని ఫలానా చోట పూడ్చరాదని ఎక్కడా లేదు అనే జవాబు ఆ పూట నా నోటికి రాలేదు. కుర్రవాణ్ని, ఏడుస్తున్నాను. గోడకు అవతల, గోడకూ బండ్ల బాటకూ నడుమ ఉన్న సన్నటి నేలలో సామేలన్నను పెట్టారు. తల దగ్గర ఒక నాపరాయి పాతారు.

కోపంతో నేను బైబిలంతా చదివాను. మొదటి పేజీ నుంచి చివరి దాకా, భక్తులు చదవనంతగా చదివాను. సమూయేలు రెండో గ్రంథంలో నాకు కావలసింది దొరికింది. అహీతోపెలు అనే ఆయన, రాజుకు సలహాలు చెప్పేవాడు, తన ఇల్లు చక్కబెట్టుకుని ఉరిపోసుకున్నాడు. అతణ్ని తన తండ్రి సమాధిలోనే పెట్టారు. తిట్టలేదు, గోడ అవతల వేయలేదు. తండ్రి సమాధిలోనే. పుస్తకం పట్టుకుని ఆదోని నుంచి బస్సెక్కి వచ్చాను. పెద్దమ్మ వాకిట్లో చేటలో కొర్రలు చెరుగుతూ ఉంది. పేజీ తీసి ఆమె ముందు పెట్టాను. ఇది తీసుకుని జక్కరయ్య దగ్గరికి పోదాం, సామేలన్నను లోపలికి తెచ్చుకుందాం అన్నాను.

ఆమె పేజీ చూడలేదు. "నాకు తెలుసప్పా," అంది.

"ఎప్పట్నుంచి?"

"నువ్వు పుట్టకముందు నుంచి. అది నేను సెప్పే కతే గదా."

"మరి ఆ పొద్దు ఎందుకు అడగలేదు పెద్దమ్మా? నోరు తెరిచింటే వాళ్లు ఏం సెప్పేవాళ్లు?"

చేట దించింది. కొర్రల్లో ఒక రాయి ఉంటే ఏరి పారేసింది. "ఏమని తెరవాల?" అంది. "ఆయప్ప మాదిరే మావాడూ సచ్చినాడు, ఆయప్పను లోపల పెట్టినారు కాబట్టి మావాణ్నీ పెట్టండి అనాల్నా? నా కొడుకు కాలు జారి పడినాడప్పా. ఆ వాక్యం వానిది కాదు. దాన్ని నేను వానికి కప్పితే, వాడు దూకినాడని నేనే సెప్పినట్టు. నా నోటితో ఆ మాట అని వానికి లోపల జాగా తెచ్చేదానికంటే, వాణ్ని బయటే పండుకోనీ."

నేను ఆ రోజే తిరుగు బస్సెక్కాను. జీవితంలో ఎన్నో వేదికల మీద ఎన్నో వాదాలు చేశాను, ఆ చేట ముందు నేర్చుకున్నంత ఎక్కడా నేర్చుకోలేదు. ఆధారం ఉండి కూడా వాడలేని చోటు ఒకటి ఉంటుందని మా వాదాల గుంపులో ఎవరూ నాకు చెప్పి ఉండలేదు.

తర్వాత ఆమె మునుపటిలాగే బతికింది. కథలు చెప్పింది, దిద్దింది, కలుపు తీసింది. మాలో ఈస్టరు తెల్లవారుజామున సమాధులకు సున్నం కొట్టే ఆచారం ఉంది. పెద్దమ్మ లోపల పెద్దలందరి సమాధులకూ కొట్టి, మిగిలిన బొక్కెనతో గోడ చుట్టూ తిరిగి అవతలికి పోయేది. మిగలడం కాదు, మిగిల్చుకునేది. ఏళ్ల తరబడి సున్నం పేరుకుని ఆ నాపరాయి దిండులా అయింది. నేను పోయినప్పుడల్లా ఒకటే మాట చెప్పేది. నేను పోతే వాని పక్కనే పెట్టండి, ఇంకేం అడగను.

నాలుగేళ్లుగానో ఐదేళ్లుగానో మంచంలోనే ఉంది, తుంటి విరిగి. సలోమి చూసుకుంది, ఆ ఏళ్లలో నేను పోలేకపోయాను. పోయిన మాఘంలో ఒక వేకువన సలోమి ఫోన్ చేసి, "అన్నా, అమ్మ పాయ," అంది. అంతే అంది. నేను కర్నూలు నుంచి కారులో బయల్దేరాను. మా పల్లెకు పోయే బాట ఇప్పుడు వెడల్పాటి తారురోడ్డు. పత్తి బేళ్ల లారీలు ఎదురొస్తున్నాయి. నాపరాళ్ల గోడ కిటికీలోంచి గిర్రున వెనక్కి పోయింది.

సుగ్గి రోజులు. గేరిలో తాళాలే ఎక్కువ. ముసలివాళ్లు, నలుగురైదుగురు ఆడవాళ్లు, గుంత తవ్వడానికి పక్క ఊరి నుంచి పిలిచిన మనుషులు, ఎమ్మిగనూరు నుంచి ఆదివారాలు వచ్చిపోయే చిన్న పాస్టరు ఉన్నారు. జక్కరయ్య ఇంకా బతికే ఉన్నాడు. చూపు దాదాపు పోయింది. మంచంతో సహా మోసుకొచ్చి శవం పక్కన దించారు. బైబిల్ స్త్రీని తోట నడుమ, మొదటి పాస్టర్ల వరసలో పెట్టాలని అతను అన్నాడు. అది గౌరవంతోనే అన్నాడు. నేను ఆమె కోరిక చెప్పాను. అతని ముఖం ముడుచుకుంది.

"దూకి సచ్చినోని పక్కన బైబిల్ స్త్రీనా?"

అహీతోపెలు నా నాలుక చివర ఉన్నాడు. అధ్యాయం, వచనం అన్నీ ఉన్నాయి. ఒక్క మాటతో ఆ ముసలివాణ్ని మంచంలో కూలేసి ఉండేవాణ్ని. పెద్దమ్మ కాళ్లు గుడ్డ కింద కనిపిస్తున్నాయి, మడమలు నల్లరేగడిలా పగిలి ఉన్నాయి.

"సామేలన్న కాలు జారి పడినాడు తాతా," అన్నాను.

"నువ్వు సూసినావా?"

"లేదు. నువ్వు సూసినావా?"

అప్పుడు నేను రాహేలు సంగతి చెప్పాను. యాకోబు ప్రాణంగా చూసుకున్న భార్య, కాన్పులో దారిలోనే పోతే ఆ దారి పక్కనే పూడ్చి, గుర్తుగా ఒక రాయి నిలబెట్టాడు. ఏ గోడా లేదు. దాని వల్ల ఆమె గౌరవం తగ్గిందని ఎవరూ అనలేదు. చిన్న పాస్టరు పుస్తకం తీసి ఆ చోటు వెతికి, పెద్దమ్మ ఎప్పుడూ కోరినట్టే, పైకి చదివి వినిపించాడు.

"సత్రపోని యేసం వాడే ఏస్తాండె," అన్నాడు చివరికి, ఎవరితోనో కాదు, తనలో తనే. తర్వాత చేయి ఎత్తి, "పెట్టండి. ఆయమ్మ కోరినకాడ్నే పెట్టండి," అన్నాడు.

నేను గెలిచాను. గుంత తవ్వేవాళ్లను పిలుస్తూ బయటికి నడిచాను. సలోమి వెనకే వచ్చి నా చొక్కా పట్టుకుని మిద్దె మూలకు లాగింది.

"యాడ పెడతావన్నా?" అంది. "ఆడ లేదు."

నాకు అర్థం కాలేదు. సలోమి గోడ వైపు చూస్తూ చెప్పింది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు గోడ దాకా తీసుకున్నారు. అప్పుడు గేరి అంతా సుగ్గిలో ఉంది. ఆమె కూడా గుంటూరు వైపు మిరప చేలల్లో ఉంది. అమ్మను ఒక ముసలామెకు అప్పజెప్పి పోయింది. తిరిగి వచ్చేసరికి తారు పోసేశారు. రాయి ఏమైందో అడగడానికి కూడా మనిషి లేడు. యంత్రాలు పెట్టినవాళ్లకు అది సమాధి అని తెలియదు, తెలుసుకోవడానికి అది గోడ లోపల లేదు.

"అమ్మకు సెప్పలే," అంది సలోమి. "ప్రతి ఈస్టరుకూ సున్నం కలుపుకోని పోతాంటి. లోపలోళ్లకు కొట్టి వస్తాంటి. అమ్మ నా సేతులు పట్టుకోని వాసన సూసేది. అన్నకు కొట్టినావా అనేది. కొట్టినా, తెల్లగుందమ్మా అనేదాన్ని. సూపు లేని జక్కరయ్య తాతకు తప్ప ఈ గేరిలో అందరికీ తెలుసన్నా. ఒక్కరు గూడా ఆయమ్మకు సెప్పలే."

వాకిట్లో ఉన్న ఆడవాళ్ల వైపు చూశాను. వాళ్లు తలలు దించుకున్నారు. అబద్ధం ఎంత తియ్యనిదైనా విషమేనని నేను ఎన్ని వ్యాసాలు రాశానో. రాయనిది చెప్పరాదన్న మనిషి ఇంట్లో, ఆ మనిషి కోసమే, గేరి మొత్తం ఏళ్ల తరబడి ఒక్క మాట మీద నిలబడింది. పొద్దున నేను కారులో వచ్చింది సామేలన్న మీదుగానే.

పెద్దమ్మను గోడ లోపలే పెట్టాం. నడుమ కాదు, గోడను ఆనుకుని, అవతల ఆ రాయి ఉండేదని సలోమి చూపించిన చోటికి ఎదురుగా. గునపం గోడ పునాదికి తగిలి ఖంగుమంటూ ఉంటే జక్కరయ్య ఎందుకంత పక్కకు తవ్వుతున్నారని అడిగాడు. తవ్వేవాడు ఇంకో దెబ్బ వేశాడు.

అప్పటికీ ఇప్పటికీ తేడా ఏమిటని ఆ తర్వాత చాలా ఆలోచించాను. అప్పుడు మా గేరిలో ఒకే బైబిలు, దాన్ని విప్పితే వేపాకు రాలేది, దాని పేరు చెప్పి ఏదైనా అంటే నిలదీసే మనిషి ఒకామె ఉండేది. ఇప్పుడు ప్రతి ఫోనులో బైబిలుంది. పొద్దున్నే పూలబొమ్మల మీద వాక్యాలు వస్తాయి, వాటిలో సగం బైబిల్లో లేనివే. జబ్బు పాపం వల్లే వచ్చిందని మైకులో అరిచేవాడు ఆదోని మైదానంలో నూనె సీసాలు ఎత్తి చూపిస్తాడు. పుట్టుగుడ్డివాణ్ని చూసి ఇతను గాని, ఇతని తల్లిదండ్రులు గాని చేసిన పాపం కాదిది అని వాళ్ల దేవుడే అన్నాడని జనంలో ఒక్కరూ లేచి అడగరు. మా పత్రికవాళ్లు కూడా ఇంకా ఆపిల్ బొమ్మే వేస్తున్నారు. గోడలు కట్టిన పేదవాళ్లే ఆ గోడ బయట ఒకణ్ని వదిలారు. ఆ బయటి నేలనే రోడ్డు తీసుకుంది. ఎవరి మీద కోపగించుకోవాలో తెలియని కోపం ముసలితనంలో చాలా బరువుగా ఉంటుంది.

ఈ ఈస్టరుకు నేను పోయాను. సుగ్గికి పోయినవాళ్లు కొందరు తిరిగి వచ్చారు. సున్నం నేనే కలిపాను, నీలిమందు వేసి. పెద్దమ్మ సమాధికి సలోమి, నేను కలిసి కొట్టాం. పని అయ్యాక బొక్కెనలో ఇంకా ఉంది. చూస్తే సలోమి కావాలనే ఎక్కువ కలిపించింది. ఆమె బొక్కెన ఎత్తుకుని గోడ చుట్టూ తిరిగి రోడ్డు మీదికి పోయింది. నేను వెనకే పోయాను. తెల్లవారుతూ ఉంది, లారీలు ఇంకా లైట్లు ఆర్పలేదు. నేను బొక్కెన పట్టుకుంటే, సలోమి గోడ బయటి ముఖానికి, నేల దగ్గర నుంచి నడుము ఎత్తు దాకా, ఒక మనిషి పండుకుంటే పట్టేంత మేర సున్నం పూసింది. ఆ ఫోటో అప్పుడే ఎవరో తీసి ఉంటారు.

ఒక లారీ డ్రైవరు వేగం తగ్గించి, ఏందిది తాతా, ఈ ముక్క ఒక్కటి మాత్రం తెల్లగా పూస్తాండారు అని అడిగాడు. సమాధి అని సలోమి అంటే, యాడుంది, గుర్తేది అన్నాడు. గుర్తేమీ లేదు. రాయి లేదు, మట్టి లేదు, కొలత లేదు. సలోమి నా వైపు చూసింది. నేను తారు మీద, తెల్లటి గీత పక్కన, వేలు పెట్టి చూపించాను. ఈడ మా అన్న పండుకోనుండాడు, కాలు జారి పడినాడు అన్నాను. ఇదే నా మిత్రుడికి నా జవాబు. ఈ ఒక్కదానికి నన్ను ఆధారం అడగొద్దు.